పసిబిడ్డను ఎలా పడుకోబెట్టాలి: పక్క సర్దడం నుంచి తెల్లవారే దాకా

"పాపను పడుకోబెట్టే దగ్గర ఇంట్లో తలో మాట చెబుతున్నారు. అమ్మ బోర్లా అంటుంది, అత్తగారు ఆవాల దిండు అంటారు, డాక్టరుగారు రెండూ వద్దన్నారు. అసలు ఏం చేయాలి?" ఈ ప్రశ్న నన్ను చాలామంది కొత్త తల్లులు అడిగారు. అందుకే మొదటి నుంచి చివరిదాకా వరసగా రాస్తున్నాను.

ఇందులోని జాగ్రత్తలన్నీ పుట్టిన రోజు నుంచి ఏడాది నిండేదాకా పాటించాలి. మొదటి ఆరు నెలలు మరీ ముఖ్యం. ఏ జబ్బూ లేకుండా నిద్రలోనే పసిపిల్లలు చనిపోవడాన్ని డాక్టర్లు సిడ్స్ అంటారు. ఆ మరణాల్లో పదింట తొమ్మిది ఆరు నెలల్లోపే జరుగుతాయి. ఒకటో నెల నుంచి నాలుగో నెల దాకా ప్రమాదం ఎక్కువ.

ముందు ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. పసిబిడ్డకు తల బరువు, మెడలో బలం ఉండదు. గడ్డం ఎదకు ఆనిపోతే ఊపిరి వెళ్ళే దారి మడత పడుతుంది. ముక్కుకు గుడ్డ అడ్డుపడితే తీసేసుకోలేదు, తల పక్కకు తిప్పుకోలేదు, చాలాసార్లు ఏడవను కూడా ఏడవదు. కాబట్టి ఏ పక్క వేసినా, ఏ ఉయ్యాల కట్టినా చూడాల్సింది ఒకటే: ముక్కు, నోరు తెరిచి ఉన్నాయా? గడ్డం ఎదకు దూరంగా ఉందా?

1. పక్క పగలే సిద్ధం చేసుకోండి

రాత్రి రెండు గంటలకు కళ్ళు మూతలు పడుతున్నప్పుడు ఎవరికీ ఆలోచన పనిచేయదు. చేతికి ఏది దొరికితే అది పరిచి పడుకోబెట్టేస్తాం. అందుకే సాయంత్రం దీపాలు పెట్టే వేళకే బిడ్డ పక్క సర్ది ఉంచండి.

పక్క గట్టిగా, చదునుగా ఉండాలి. అరచేత్తో గట్టిగా నొక్కి తీయండి. చేతి గుంట అలాగే ఉండిపోతే అది పసిబిడ్డకు పనికిరాదు. మెత్తటి ఫోమ్ పరుపులు, దూది ఉబ్బిన కొత్త బొంతలు, కుంగిపోయిన నులక మంచాలు అన్నీ ఈ లెక్కలో వద్దనేవే.

చాలామంది ఇళ్ళల్లో దీనికి ఖర్చే అక్కర్లేదు. నేల మీద చాప, దాని మీద బాగా అణిగిపోయిన పాత నూలు బొంత ఒకటి, పైన బిగుతుగా పరిచి అంచులు కిందికి మడిచిన దుప్పటి. అంతే. నేల మీద పక్కయితే కింద పడుతుందన్న భయం ఉండదు. చీమలూ పురుగులూ రాకుండా రోజూ తుడిచి, దోమతెర అంచులు చాప కిందికి దోపండి.

చెక్క తొట్టి గానీ బేబీ కాట్ గానీ వాడితే ఇవి చూసుకోండి:

- పరుపుకీ కాట్ అంచుకీ మధ్య రెండు వేళ్ళు దూరేంత సందు కూడా ఉండకూడదు. బిడ్డ అందులోకి జారితే ముఖం ఇరుక్కుపోతుంది.
- పక్క కమ్మీల మధ్య దూరం 6 సెంటీమీటర్లకు మించకూడదు.
- అంచుల చుట్టూ కట్టే మెత్తటి బంపర్లు తీసేయండి. తల తగలకుండా అని అమ్ముతారు గానీ, ముఖం వాటికే ఆనుకునే ప్రమాదం ఉంది. అమెరికాలో 2022లో వాటి అమ్మకాన్నే నిషేధించారు.
- రబ్బరు షీటు వేస్తే దుప్పటి కిందే, ముడతలు లేకుండా వేయండి.
- చేతికందే దూరంలో కర్టెన్ తాళ్ళు, చార్జర్ వైర్లు, బొమ్మల దారాలు లేకుండా చూడండి.

2. బారసాలకు వచ్చిన బెడ్ సెట్ సంగతి

ప్రతి ఇంటికీ ఒకటైనా వస్తుంది: మెత్తటి చిన్న పరుపు, తలకు దిండు, అటూ ఇటూ గుండ్రటి దిండ్లు, పైన మడత దోమతెర. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది. అందులో దోమతెర ఒక్కటే ఉంచుకోండి. పరుపు అరచేతి పరీక్షలో నెగ్గితే అదీ వాడుకోవచ్చు. దిండ్లు మాత్రం బీరువాలో పెట్టేయండి.

ఆవాల దిండు గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ పట్టుదల దాని దగ్గరే. తల గుండ్రంగా రావాలని పెడతారు. కానీ పసిబిడ్డ తల వెనక భాగం సహజంగానే పెద్దది. దాని కింద ఇంకో రెండు అంగుళాలు ఎత్తు పెడితే మెడ ముందుకు వంగి గడ్డం ఎదకు తగులుతుంది. సంచి కుట్టు ఊడితే ఆవాలు ముక్కులోకో నోట్లోకో పోయే ప్రమాదం వేరే.

మరి తల చదునైతే? దానికి దిండు అక్కర్లేదు.

- ఒక రాత్రి తల కుడివైపు, మర్నాడు ఎడమవైపు తిరిగేలా పడుకోబెట్టండి. బిడ్డ వెలుతురువైపు, మీవైపు చూస్తుంది కాబట్టి పక్క మీద తలా కాళ్ళూ ఉండే దిక్కు మారిస్తే చాలు.
- మెలకువగా ఉన్నప్పుడు, మీరు ఎదురుగా కూర్చుని, బోర్లా ఆడించండి. మొదట్లో రోజుకు రెండు మూడుసార్లు, మూడేసి నిమిషాలు. ఏడు వారాలకల్లా రోజు మొత్తం మీద పదిహేను నుంచి అరగంట అయ్యేలా పెంచండి. మెడకూ బలం వస్తుంది.
- ఎత్తుకుని తిప్పడం కూడా తల మీద ఒత్తిడి తగ్గించడమే.

ఇవన్నీ చేసినా ఒకవైపే చదునుగా ఉండిపోయినా, మెడ ఒకవైపే తిప్పుతున్నా డాక్టరుకు చూపించండి.

3. చీర ఉయ్యాల: జోకొట్టడానికే, రాత్రంతా కాదు

మా పాపకు రెండు నెలలప్పుడు ఒక మధ్యాహ్నం చీర ఉయ్యాలలో నిద్రపోయింది. నేను పక్కనే బట్టలు మడతపెడుతున్నాను. ఉన్నట్టుండి గుర్రు గుర్రుమని సన్నటి శబ్దం. జలుబేమో అనుకున్నాను. మడత విప్పి చూస్తే పాప కిందికి జారి, నడుము దగ్గర వంగి, గడ్డం ఎదకు అతుక్కుపోయి ఉంది. పెదవి మీద చీర మడత ఒకటి. ఎత్తి చాప మీద వెల్లకిలా పెట్టగానే ఆ శబ్దం ఆగిపోయింది. అది జలుబు కాదు. బయటినుంచి చూస్తే ఉయ్యాల ఎప్పటిలాగే ఉంది, లోపల ఏం జరుగుతోందో చీర విప్పేదాకా తెలియలేదు.

ఉయ్యాల మానేయమని నేను చెప్పను. ఏడ్చే బిడ్డను ఊరుకోబెట్టడానికి అంతకంటే మంచిది దొరకదు. కానీ దానికీ ఒక పద్ధతి ఉంది.

- రెండు చివరలూ దగ్గరపడి ముఖం మీద మూసుకోకుండా పైన అడ్డకర్ర పెట్టండి.
- నేలకు మూర ఎత్తుకు మించి కట్టకండి. కింద మెత్తగా కాకపోయినా బొంత పరవండి.
- కొక్కెం, తాడు రోజూ లాగి చూడండి. అరిగిన చీర వాడకండి.
- ఊపుతున్నంతసేపూ ముఖం కనిపిస్తూ ఉండాలి. ఈగలు వాలతాయని పైన గుడ్డ కప్పకండి.
- నిద్ర పట్టగానే తీసి చదును పక్క మీదికి మార్చండి. మారిస్తే లేస్తుందేమో, లేస్తే మళ్ళీ ఊపుదాం.
- పెద్ద పిల్లల్ని అందులో ఆడుకోనివ్వకండి. చీర మెలితిరిగి మెడకు చుట్టుకున్న ప్రమాదాలు జరిగాయి.
- బిడ్డ సొంతంగా దొర్లడం మొదలుపెట్టగానే చీర ఉయ్యాల విప్పేయండి.

కారు సీటు, స్ట్రోలర్, బ్యాటరీతో ఊగే స్వింగ్, వీపుకు వాలుగా ఉండే బౌన్సర్, వీటన్నిటికీ ఇదే మాట. ప్రయాణంలో కారు సీటులో నిద్రపోతే ఫరవాలేదు, దిగగానే తీసి చదునుగా పడుకోబెట్టాలి.

4. లాలపోశాక వచ్చే మొద్దునిద్ర

నూనె రాసి, నలుగు పెట్టి, వేడినీళ్ళు పోస్తే బిడ్డ అలసిపోయి రెండు మూడు గంటలు కదలకుండా పడుకుంటుంది. ఇంట్లో వాళ్ళంతా ఇతర పనుల్లోకి వెళ్ళేదీ ఆ సమయంలోనే. బాలింత కూడా అప్పుడే నడుం వాలుస్తుంది. అందుకే ఈ నిద్ర మీద కన్ను వేసి ఉంచాలి.

1. ఒళ్ళూ జుట్టూ పూర్తిగా తుడిచి, తడి తువ్వాలు తీసేయండి. తడిగుడ్డలోనే చుట్టి పడుకోబెట్టకండి.
2. సాంబ్రాణి పొగ బిడ్డకు పట్టకండి. పొగ పసివాళ్ళ ఊపిరితిత్తులకు పడదు. పెద్దవాళ్ళు వేయాల్సిందే అంటే బిడ్డ లేనప్పుడు గదిలో వేసి, కిటికీలు తీసి, పొగంతా పోయాక బిడ్డను తీసుకురండి.
3. పౌడరు చల్లకండి. ఆ ధూళి నేరుగా ముక్కులోకి వెళ్తుంది.
4. తలకు పెట్టిన కుళ్ళాయి తీసేయండి. పసిపిల్లలకు ఒంట్లో వేడి తల నుంచే ఎక్కువగా పోతుంది. తల మూసేస్తే వేడెక్కిపోతారు. పైగా అది జారి ముఖం మీదికి వస్తుంది. ఆస్పత్రిలో పుట్టిన కొద్ది గంటలు టోపీ పెట్టడం వేరే విషయం.
5. మెడలో దిష్టి తాడు, పూసల దండ ఉంటే నిద్రకు ముందు తీయండి. దిష్టి తాడు కట్టాలనుకుంటే కాలికి కట్టండి, వదులు దారం వేలాడకుండా. పిన్నీసులు వద్దేవద్దు.

5. రాత్రి పడుకోబెట్టే వరస

1. పాలు పట్టండి. కూర్చుని పడుతుంటే సోఫాలో కాదు. నిద్ర ముంచుకొస్తుందనిపిస్తే సోఫా కంటే చదునైన గట్టి మంచమే నయం. బిడ్డతో సోఫాలో నిద్రపోవడం అన్నిటికంటే ప్రమాదం.
2. భుజాన వేసుకుని త్రేన్పు రానివ్వండి. పది నిమిషాలు చూసినా రాకపోతే ఫరవాలేదు.
3. తడి గుడ్డ మార్చండి.
4. పక్క మీద ఏమీ లేదని చేత్తో తడిమి చూడండి. దిండు, బొమ్మ, విడి దుప్పటి, మూతి తుడిచే గుడ్డ, ఏదీ ఉండకూడదు.
5. వెల్లకిలా పడుకోబెట్టండి. ప్రతిసారీ, పగటి కునుక్కి కూడా. పక్కకు ఒత్తిగిల్లబెడితే అక్కణ్ణుంచి బోర్లా పడిపోవడం సులువు.
6. చప్పరించే రబ్బరు పీక (పాసిఫయర్) ఇచ్చే అలవాటుంటే ఇవ్వండి, దారం కట్టకుండా. చనుపాలు తాగే బిడ్డకు పాలు కుదురుకున్నాక మొదలుపెట్టండి. నిద్రలో ఊడిపోతే మళ్ళీ పెట్టక్కర్లేదు.
7. పాలసీసా నోట్లో ఉంచి, దానికి దిండు ఆనించి వదిలేయకండి.
8. మీ గదిలోనే, మీ చేతికందే దూరంలో, కానీ విడి పక్క మీద. కనీసం ఆరు నెలలు ఇలాగే.

"వెల్లకిలా పడుకుంటే కక్కిన పాలు గొంతులో అడ్డుపడవా?" ఎక్కువగా అడిగేది ఇదే. అడ్డుపడవు. వెల్లకిలా ఉన్నప్పుడు ఊపిరి గొట్టం పైన, ఆహార గొట్టం కింద ఉంటాయి. పైకి వచ్చిన పాలు మళ్ళీ కింది గొట్టంలోకే జారతాయి. బోర్లా వేస్తే ఇది తలకిందులై, పాలు ఊపిరి గొట్టం వైపు చేరడం సులువవుతుంది. పాలు ఎక్కువ కక్కే పిల్లలకు కూడా వెల్లకిలానే పద్ధతి. తలవైపు పరుపు ఎత్తడం కూడా వద్దు, బిడ్డ కిందికి జారి గడ్డం వంగుతుంది.

"ఎన్‌ఐసీయూలో (ఆస్పత్రిలో పసిబిడ్డల అత్యవసర చికిత్స గదిలో) మా బాబును బోర్లానే పడుకోబెట్టారు" అంటారు కొందరు. అక్కడ గుండె, ఊపిరి క్షణక్షణం చూసే మానిటర్ ఉంటుంది, పక్కనే నర్సు ఉంటుంది. ఇంట్లో ఆ రెండూ లేవు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు వెల్లకిలా పడుకోబెట్టడం ఇంకా ముఖ్యం.

6. పక్కలో పడుకోబెట్టుకునేవాళ్ళకు

మన ఇళ్ళల్లో చాలామంది బిడ్డను పక్కలోనే పడుకోబెట్టుకుంటారు. ఒకటే గది, ఒకటే మంచం ఉన్న ఇళ్ళు ఎన్నో. అన్నిటికంటే క్షేమం విడి పక్కే. మంచానికి ఆనించి కింద చాప పరిచి, తల్లి కూడా నేల మీద పక్కన పడుకుంటే పాలివ్వడం కూడా తేలికే.

ఈ కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా పక్కలో మాత్రం వద్దు:

- బిడ్డ నెలలు నిండకుండా పుట్టినా, పుట్టినప్పుడు రెండున్నర కిలోల కంటే తక్కువ ఉన్నా, నాలుగు నెలల్లోపు వయసున్నా
- పక్కలో పడుకునేవాళ్ళలో ఎవరైనా తాగి ఉన్నా, సిగరెట్టో బీడీయో చుట్టో కాల్చే అలవాటున్నా
- మత్తు వచ్చే మందులు వేసుకున్నా. సిజేరియన్ తర్వాత ఇచ్చే కొన్ని నొప్పి మాత్రలూ ఈ కోవలోవే, డాక్టరును అడగండి
- మెత్తటి పరుపు, బరువు రగ్గులు, ఎక్కువ దిండ్లు ఉన్నా
- ఆ మంచం మీద మరో చిన్న పిల్లవాడు కూడా పడుకుంటున్నా

అనుకోకుండా పాలిస్తూ నిద్రపోవడం ఎవరికైనా జరుగుతుంది. దానికి మీ మీద మీరు కోపం తెచ్చుకోవద్దు. మెలకువ రాగానే బిడ్డను తన పక్క మీదికి మార్చండి. పాలిచ్చే చోట మీ దిండ్లు, దుప్పట్లు బిడ్డకు దూరంగా ఉండేలా ముందే సర్దుకోండి. తల్లి జుట్టు ముడి వేసుకోవాలి, పొడుగు గొలుసులు, చున్నీ పక్కన పెట్టాలి. బిడ్డను ఇద్దరి మధ్యలో పడుకోబెట్టకుండా, తల్లి ఒకవైపే ఉండేలా చూడాలి, గోడకీ మంచానికీ సందు ఉండకూడదు.

7. వేడి, చలి, దోమలు

బిడ్డకు చలేస్తోందేమో అని కప్పడమే మనం ఎక్కువ చేసే తప్పు. చేతులు, కాళ్ళు పట్టుకుని చూసి "చల్లగా ఉంది" అంటాం. పసిపిల్లల చేతులూ కాళ్ళూ మామూలుగానే చల్లగా ఉంటాయి. మెడ వెనక, ఛాతీ మీద చెయ్యి పెట్టి చూడండి. అక్కడ చెమట పట్టినా, వేడిగా కాలుతున్నట్టున్నా ఒక పొర తీసేయాలి. మీరు వేసుకున్నదాని కంటే ఒక పొర ఎక్కువ, అంతకు మించి అక్కర్లేదు.

మే నెల రామగుండంలో, విజయవాడలో ఒక పల్చటి నూలు జుబ్బా చాలు. ఫ్యాన్ మంచిదే. ఏసీ, కూలర్ వేసుకోవచ్చు, గాలి నేరుగా ముఖానికి కొట్టకుండా. మా ఇంట్లో ఏసీ 26 దగ్గర పెట్టేవాళ్ళం. కరెంటు పోయినప్పుడు ముందు చేయాల్సింది బిడ్డ మీది బట్ట వదులు చేయడం, కిటికీ తీయడం.

ఆదిలాబాద్, అరకు చలికి విడి దుప్పటి బదులు కాళ్ళదాకా ఉండే ఫుల్ సూట్ వేయండి. బాలింత గదిలో తలుపులన్నీ మూసి బొగ్గుల కుంపటి పెట్టే అలవాటు కొన్ని ఇళ్ళల్లో ఇంకా ఉంది. దయచేసి ఇది ఆపండి. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు. తల్లీబిడ్డలిద్దరికీ ప్రాణం మీదికి వస్తుంది.

దోమలకు తెరే మేలు. గొడుగు తెర అయితే ముఖానికి తగలకుండా ఎత్తుగా ఉండాలి. మస్కిటో కాయిల్ పొగ ఉన్న గదిలో బిడ్డను ఉంచొద్దు.

8. పొత్తిగుడ్డ ఎప్పుడు మానాలి

తొలి వారాల్లో పొత్తిగుడ్డలో చుడితే ఉలిక్కిపడి లేవరు. చుట్టినప్పుడు ఛాతీ దగ్గర మీ రెండు వేళ్ళు దూరాలి, నడుము కింద కాళ్ళు కప్పలా మడుచుకునేంత వదులుండాలి. గుడ్డ భుజాల పైకి రాకూడదు. చుట్టిన బిడ్డను వెల్లకిలా తప్ప ఇంకోలా వేయొద్దు.

బోర్లా పడితే బొబ్బట్లు పంచుతాం కదా, ఆ బొబ్బట్లకు పప్పు నానబెట్టకముందే పొత్తిగుడ్డ కట్టడం మానేయాలి. నడుము తిప్పుతూ ఒక పక్కకు ఒరగడానికి ప్రయత్నిస్తోందంటే, మూడో నెలయినా సరే, అదే సమయం. చేతులు కట్టేసి ఉన్న బిడ్డ బోర్లా పడితే లేవలేదు.

అటునుంచి ఇటు, ఇటునుంచి అటు రెండువైపులా తనంతట తాను తిరగడం వచ్చాక, నిద్రలో బోర్లా తిరిగితే మళ్ళీ మళ్ళీ తిప్పక్కర్లేదు. మీరు పడుకోబెట్టేటప్పుడు మాత్రం వెల్లకిలానే. అప్పటినుంచి పక్క ఇంకా ఖాళీగా ఉండాలి.

9. నిద్ర కోసం మందులు వద్దు

బాగా పడుకుంటుందని దగ్గు సిరప్ వేయడం, జలుబుకు బ్రాందీ చుక్కలు నాకించడం విన్నాను. రెండూ ఊపిరిని మందగింపజేస్తాయి. రాత్రి రెండు మూడుసార్లు లేవడం పసిబిడ్డకు రోగం కాదు, రక్షణ.

10. బిడ్డ ఉలుకూపలుకూ లేకుండా కనిపిస్తే

పెదవులు నీలంగా మారినా, పిలిచి అరికాలు తట్టినా కదలకపోయినా, ఊపిరి ఆడకపోయినా:

1. ఒకరు 108కి ఫోన్ చేయాలి. ఒక్కరే ఉంటే ఫోన్ స్పీకర్ పెట్టి, చేతులు పనిలో ఉంచండి.
2. గట్టి నేల మీద వెల్లకిలా ఉంచండి. బిడ్డను కుదపకండి, నోట్లో నీళ్ళు పోయకండి.
3. బిడ్డ కదలకుండా, ఊపిరి ఆడకుండా ఉంటే, చనుమొనల గీతకు కాస్త కింద, ఛాతీ మధ్య ఎముక మీద, నాలుగు సెంటీమీటర్ల లోతు దిగేలా నొక్కి వదలండి. నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగం.
4. ముప్పై నొక్కులకు రెండుసార్లు, బిడ్డ ముక్కూ నోరూ కలిపి మీ నోటితో మూసి, ఛాతీ లేచేంత మాత్రమే చిన్నగా ఊదండి. సాయం వచ్చేదాకా ఆపకండి.

చదివితే రాదు ఇది. డిశ్చార్జి అయ్యేలోపే నర్సును అడిగి బొమ్మ మీద చేయించుకోండి. భర్త, అమ్మమ్మ కూడా నేర్చుకోవాలి.

11. పెద్దవాళ్ళకు చెప్పే పద్ధతి

"మేం పదిమందిని ఇలాగే పెంచాం" అన్న మాట ప్రేమలోంచే వస్తుంది. అప్పుడు ఎదురు వాదిస్తే ఆ పెద్దావిడకు కష్టం, మీకు టెన్షన్. నేను మా అమ్మకు డాక్టరుగారి చేతే చెప్పించాను. టీకాకు వెళ్ళినప్పుడు అమ్మను లోపలికి తీసుకెళ్ళి, "బోర్లా వేయొచ్చా సార్?" అని ఆవిడ చేతే అడిగించాను. అమెరికాలో 1992 నుంచి వెల్లకిలా పడుకోబెట్టమని పిల్లల డాక్టర్లు చెప్పడం మొదలుపెట్టాక పదేళ్ళలో సిడ్స్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయని ఆయన చెప్పారు. ఆ రాత్రి దిండు అమ్మే తీసేసింది.

అమెరికాలో పురుడుకు వెళ్ళే అమ్మమ్మలకు అక్కడి ఆస్పత్రిలో ఇదే చెబుతారు. ముందే తెలిస్తే దిండూ దుప్పటీ లేని ఖాళీ క్రిబ్ (బిడ్డ మంచం) చూసి మనసు కష్టపెట్టుకోరు.

బిడ్డను చూసుకునే ప్రతి ఒక్కరికీ, ఆయాకూ, పిన్నికీ, ఒక్క పూటకు వచ్చిన పక్కింటావిడకూ కనబడేలా ఈ నాలుగు ముక్కలు కాగితం మీద రాసి పక్క దగ్గర గోడకు అంటించండి:

- వెల్లకిలా
- గట్టి చదును పక్క, బిడ్డ తప్ప ఏమీ లేకుండా
- తల మీద టోపీ లేదు, మెడలో తాడు లేదు, గదిలో పొగ లేదు
- ఉయ్యాలలో నిద్రపోతే తీసి పక్క మీదికి